పాత బుల్లెట్టును ఇంట్లోనే బాగు చేసుకోవడం: ముందు ఇంజిన్, చివర రంగు

మా నాన్న ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు. 1979 మోడల్ బుల్లెట్టుకు వెనక నల్ల సంచి కట్టుకుని పాతికేళ్లకు పైగా కాలవ గట్ల మీద తిరిగారు. ఆయన పోయాక బండి తొమ్మిదేళ్లు పశువుల కొట్టంలో, గడ్డి వెనక ఉండిపోయింది. మా భీమవరం వైపు గాలికి ఇనుము ఎక్కువ కాలం నిలవదు. నేను బయటికి లాగేసరికి ట్యాంకు లోపలంతా తుప్పు, కిక్కరు కదలదు, సీటు నిండా ఎలుకల గూళ్లు. హైస్కూల్లో ఫిజిక్సు చెప్పే నేను ఆదివారాల్లో పని చేసుకుంటూ, ఏడాదిన్నరకు దాన్ని రోడ్డెక్కించాను. ఇక్కడ రాసేది ఇనప సిలిండరు, కుడికాలి గేరు, పాయింట్లు (స్పార్కు కోసం కరెంటును కలిపి విడదీసే చిన్న బిళ్లలు) ఉన్న పాత 350 గురించి. బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు 70 మి.మీ., స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం 90 మి.మీ., మొత్తం 346 సీసీ.

పానా పట్టుకునే ముందు కాగితాలు చూసుకోండి. ఆర్సీలో ఉన్న ఇంజిన్, ఛాసిస్ నెంబర్లు బండి మీద ఉన్నవాటితో కలవాలి. నెంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసి దాచుకోండి. పెయింటరుకు ఇచ్చేటప్పుడు ఆ చోట పుట్టీ పెట్టొద్దని, గరుకు కాగితంతో అరగదీయొద్దని గట్టిగా చెప్పండి. నెంబరు చెరిగిపోతే మీరు పడిన కష్టమంతా వృథా. ఓనరు చనిపోయి ఉంటే వారసుల పేరు మీదికి మార్చుకోవడం కూడా మొదటి పనే.

అందరూ చేసే తప్పు ఒకటుంది. బండి తేగానే మొత్తం విప్పేసి, ఫ్రేము రంగుకు పంపేస్తారు. ఆరు నెలలకు ఏ నట్టు ఎక్కడిదో గుర్తుండదు, ఆసక్తీ పోతుంది. నా మాట వినండి: ముందు బండిని పాత రంగుతోనే నడిపించండి. పది కిలోమీటర్లు తిరిగితే ఏ బేరింగు అరుస్తుందో, ఏ గేరు జారుతుందో, ఆయిల్ ఎక్కడ కారుతుందో అదే చెబుతుంది. అవన్నీ సరిచేశాకే రంగు. కొత్త రంగు మీద పానా జారితే పడే బాధ చిన్నది కాదు.

ఇంజిన్ పట్టేసి ఉంటే కిక్కరు మీద ఎగిరి దూకకండి. ప్లగ్గు తీసి, అందులో కిరసనాయిలు, ఇంజినాయిలు సగం సగం కలిపి అర గ్లాసు పోయండి. వారం రోజులు వదిలేయండి. రోజూ టాప్ గేరులో పెట్టి వెనక చక్రాన్ని మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపండి. నాది ఐదో రోజున కదిలింది. ఆ సాయంత్రం అమ్మ వచ్చి చక్రం మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది.

విప్పేటప్పుడు జాగ్రత్త. ఈ కాలపు బళ్లలో చాలా నట్లు ఇంగ్లండ్ కొలతలవి. మామూలు మి.మీ. పానా పెడితే పట్టినట్టే పట్టి మూలలు అరిగిపోతాయి. విట్‌వర్త్ పానాల సెట్టు ఒకటి కొనండి. విజయవాడ ఆటోనగర్‌లో గానీ, హైదరాబాద్ పుత్లీబౌలిలో గానీ వెతకండి. విప్పిన ప్రతి దశకూ ఫోటో తీసి, నట్లను వేరువేరు డబ్బాల్లో వేసి, పైన పేరు రాయండి.

బోరు విషయంలో నేను దెబ్బతిన్నాను. ఒక లేత్ షాపుకు బ్లాకు (సిలిండరు) ఒక్కటే ఇచ్చి, 20 సైజుకు, అంటే అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై పెద్దదయ్యేలా లోపల కొట్టమన్నాను. పిస్టన్ తరవాత కొన్నాను. పెట్టి చూస్తే లొడలొడలాడింది. మళ్లీ 40 సైజుకు కొట్టించి ఇంకో పిస్టన్ కొనాల్సి వచ్చింది. పైగా ఆ బ్లాకు ఆయుష్షు ఒక మెట్టు తగ్గింది. అందుకని పిస్టన్ ముందు కొనండి, దాన్ని బ్లాకుతో పాటే ఇవ్వండి, ఆ పిస్టన్‌ను కొలిచి దానికి సరిపడా కొట్టమనండి. తెచ్చుకున్నాక రింగులు లేకుండా పిస్టన్ దించి ఫీలర్ గేజితో ఖాళీ మీరే చూసుకోండి.

హెడ్ తీసి ఉన్నప్పుడే స్పార్కు టైమింగు సరిచేసుకుంటే సుఖం. పాయింట్ల ఖాళీ 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండాలి. కంప్రెషన్‌లో పిస్టన్ పైకి చేరడానికి 0.8 మి.మీ. ముందు పాయింట్లు విడివడాలి. పాయింట్ల మధ్య పల్చటి కాగితం పెట్టి మెల్లగా లాగుతూ ఇంజిన్ తిప్పండి. కాగితం వదులై చేతికొచ్చిన క్షణమే పాయింట్లు తెరుచుకున్న క్షణం. వాల్వులను కదిపే టాపెట్లకు కొలత అక్కర్లేదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, పిస్టన్ కంప్రెషన్‌లో పైన ఉండగా, పుష్ రాడ్ వేళ్లతో తిప్పితే తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు.

ట్యాంకు తుప్పుకు నేను నిమ్మ ఉప్పు వాడాను. పెట్రోలు పూర్తిగా తీసేసి, సబ్బు నీళ్లతో కడిగి, గోరువెచ్చని నీళ్లలో కిలో నిమ్మ ఉప్పు కలిపి నిండా పోసి ఒక రోజు ఉంచాను. తరవాత వంట సోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి, కొంచెం ఆయిల్ కలిపిన పెట్రోలు లోపలంతా తిప్పాలి. ఆలస్యమైతే గంటలోనే ఎర్ర తుప్పు మళ్లీ వస్తుంది. ట్యాంకుకు చిల్లి ఉంటే ఇంట్లో వెల్డింగ్ వద్దు. ఖాళీ ట్యాంకులో మిగిలే పెట్రోలు ఆవిరి పేలుతుంది.

చాలాకాలం నిలిచిన బుల్లెట్టులో ఇంజినాయిలు దాని సొంత ట్యాంకులోంచి (పెట్రోలు ట్యాంకు కాదు) కింద ఇంజిన్ అడుగుకు జారిపోతుంది. అందుకే మొదటిసారి స్టార్ట్ చేసే ముందు కింది డ్రెయిన్ ప్లగ్గులు తీసి పాతదంతా వంచేయండి. ఫిల్టరు మార్చి 20డబ్ల్యూ-50 ఆయిల్ రెండుంపావు లీటర్లు పోయండి. స్పార్క్ ప్లగ్గు తీసి, పైన వాల్వులను నొక్కే రాకర్లకు వెళ్లే ఆయిల్ పైపు బోల్టు వదులు చేసి, అక్కడ ఆయిల్ కనిపించేదాకా కిక్కు కొట్టండి. ఆ తరవాతే ప్లగ్గు పెట్టండి.

ఇక అసలు కిక్కు. తాళం తిప్పి ఆన్ చేసి, కిక్కరును మెల్లగా తొక్కుతూ ఆంప్ మీటరు ముల్లు చూడండి. మైనస్ వైపు ఉన్న ముల్లు మధ్యకు వచ్చినచోట ఆగండి. సిలిండరులోని ఒత్తిడిని వదిలేసే డీకంప్రెషన్ లివరు పట్టి కిక్కరును ఇంకొంచెం దించి, లివరు వదిలి, కిక్కరును పైకి రానిచ్చి, పూర్తిగా తొక్కండి. బలం కాదు, ఈ చోటు దొరకడమే ముఖ్యం. మా అక్క ఇలాగే రెండో కిక్కుకు లేపింది.

బండిని మన అవసరానికి మార్చుకోవడంలో నేను పెట్టుకున్న నియమం ఒకటే: ఫ్రేములో ఏదీ కొయ్యకూడదు, తీసిన పాత సామాను పారెయ్యకూడదు. 6 వోల్టుల కరెంటును 12కు మార్చాను. బ్యాటరీ ఒక్కటి మారిస్తే చాలదు. లోపలి ఛార్జింగ్ కాయిల్, రెగ్యులేటరు, ఇగ్నిషన్ కాయిల్, హారను, బల్బులు అన్నీ మార్చాలి. రాత్రి పూట గట్ల మీద వెళ్లాలంటే ఈ మార్పు తప్పదు. అమ్మ కూర్చోవడానికి వెనక సీటు మెత్త రెండంగుళాలు తగ్గించి, శారీ గార్డు బిగించాను. నాన్న సంచి పట్టే క్యారియరు నాలుగు బోల్టులతో విప్పేసేలా చేయించాను.

సైలెన్సరు మాత్రం పాత పొడుగుదే ఉంచాను. ఆ చప్పుడు వినే జనం వాకిట్లో మంచం వాల్చేవారు, డాక్టరు గారు వస్తున్నారని. ఎక్కువ శబ్దం చేసేవి చట్టానికీ విరుద్ధం. నగరాల్లో పోలీసులు వాటిని పట్టుకుని రోడ్డు రోలరుతో తొక్కిస్తున్నారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. రంగు మార్చినా ఆర్సీలో రాయించుకోవాలి. 50 ఏళ్లు దాటిన బళ్లకు 2021 నుంచి ‘వీఏ’ అక్షరాలతో వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. కానీ అది అసలు రూపంలో ఉన్నవాటికే. ఆ వయసుకు దగ్గరపడిన బండిని కోసే ముందు ఇది గుర్తుంచుకోండి.

రంగు చివరగా వేయించాను. చెన్నైలోని తిరువొత్తియూరులో బుల్లెట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ట్యాంకు మీద బంగారు గీతలు చేత్తో, కుంచెతో గీసేవారు. నేను స్టిక్కరు వద్దనుకుని, మా దగ్గర బోర్డులు రాసే పెద్దాయనతో గీయించాను. కుడివైపు, నాన్న మోకాలు ఆనే చోట అరిగిపోయిన పాత రంగును మాత్రం అరచేతి మేర అలాగే ఉంచమన్నాను.

రోడ్డెక్కాక మొదటి 500 కిలోమీటర్లు వేగం 50 దాటనివ్వకండి. ప్రతి అరగంటకూ ఆపి చల్లారనివ్వండి. మొదటి రోజు తిరిగొచ్చాక, రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీద హెడ్ నట్లు మళ్లీ బిగించి, టాపెట్లు ఇంకోసారి చూడండి. 500 పూర్తికాగానే ఆయిల్ మార్చి, పాతదాన్ని తెల్లటి పళ్లెంలో వంచి, ఇనప రజను మెరుస్తుందేమో ఎండలో చూడండి.