జీరో మీటర్లు చూపిస్తున్నా డబ్బా దొరకట్లేదా? ముందు రకం చూడండి, తర్వాత సైజు

జియోకాషింగ్ అంటే ఎవరో దాచిన డబ్బాను (దాన్నే కాష్ అంటారు) ఫోన్ జీపీఎస్ సాయంతో వెతికే ఆట. దానికి కొత్తగా వచ్చినవాళ్లందరిదీ ఒకటే ఫిర్యాదు: "ఫోన్ ఇక్కడే అంటోంది, ఇక్కడేమో ఏమీ లేదు." దీనికి జవాబు చాలాసార్లు నేలమీద కాదు, యాప్‌లో ఆ కాష్ పేజీలోనే ఉంటుంది. యాప్ తెరవడం, బాణం వెంట నడవడం, డబ్బాలోని లాగ్ కాగితం మీద పేరూ తేదీ రాయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. పేజీలో రకం, సైజు అని రెండు గడులున్నాయి. ఇంట్లోంచి కదిలేముందు ఆ రెండూ ఎవరూ చదవరు. గొడవంతా అక్కడే.

జీరోకి చేరారు, కానీ దాచడానికి చోటే లేదు

నడిరోడ్డో, ఖాళీ ఇసుకో, లేకపోతే ఏకంగా సముద్రమో. బాణం తప్పు చెప్పలేదు. మీరు ఏ రకం కాష్ వెంట వచ్చారో చూసుకోలేదు, అంతే.

మ్యాప్‌లో ఆకుపచ్చ గుర్తు ఉంటే ట్రెడిషనల్. ఇచ్చిన చోటే డబ్బా ఉంటుంది, ఉండి తీరాలి. నీలం ప్రశ్నార్థకం ఉంటే మిస్టరీ. కొత్తవాళ్లు ఎక్కువగా మునిగేది ఇక్కడే. మిస్టరీ పేజీలో పైన కనిపించే అంకెలు (చోటు చెప్పే అక్షాంశ రేఖాంశాలు, అంటే కోఆర్డినేట్లు) చాలావరకు ఉత్తి గుర్తు కోసం పెట్టినవి. అసలు డబ్బా అక్కణ్ణుంచి సుమారు మూడు కిలోమీటర్ల లోపు మరెక్కడో ఉంటుంది, పొడుపు విప్పితేగాని ఎక్కడో తెలియదు. విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర పిన్ కనిపించిందనుకోండి, డబ్బా సిరిపురం వైపు ఉండొచ్చు. యాప్ మాత్రం "నావిగేట్" నొక్కగానే మారుమాట లేకుండా ఆ ఉత్తుత్తి చోటికే తీసుకెళ్తుంది.

పొడుపు విప్పినవాళ్లు కూడా ఇక్కడ రెండు విధాల దెబ్బ తింటారు.

మొదటిది, సరిచేసిన కోఆర్డినేట్లు ఎక్కించకపోవడం. జవాబు కాగితం మీద రాసుకుంటే బాణానికి తెలియదు. కాష్ పేజీలోనే కొత్త అంకెలు సేవ్ చేయాలి. అంతకుముందే ఆఫ్‌లైన్ జాబితా దించుకుని ఉంటే దాంట్లో పాతవే ఉంటాయి కాబట్టి మళ్లీ దించుకోవాలి. చేతి జీపీఎస్ వాడేవాళ్లు కొత్త ఫైల్ ఎక్కించాలి. బయల్దేరేముందు బాణం చూపే దూరం మారిందో లేదో చూస్తే చాలు, తప్పు ఇంట్లోనే పట్టుబడుతుంది.

రెండోది అంకెలు రాసే పద్ధతి. ఇది ఇంకా మోసకారి. జియోకాషింగ్‌లో డిగ్రీలు, దశాంశ నిమిషాలు వాడతారు: ఉత్తరం 17° 42.285'. దీన్ని మామూలు మ్యాప్‌లో కొట్టేటప్పుడు 17 డిగ్రీల 42 నిమిషాల 28.5 సెకన్లు అనుకున్నారో, సుమారు 350 మీటర్లు ఉత్తరానికి జరిగిపోతారు. అదీ ఊళ్లోనే, నమ్మేలా ఉండే చోటే, అందుకే అనుమానం రాదు. గంటసేపు వేరే వీధిలో మొక్కల కుండీలు తిప్పుతారు. అదే 17.42285 అని కొట్టారంటే 30 కిలోమీటర్లకు పైగా దక్షిణాన బంగాళాఖాతంలో తేలుతుంది. ఈ తప్పు నయం, వెంటనే తెలిసిపోతుంది. సరైన లెక్క: నిమిషాలను 60తో భాగించి డిగ్రీలకు కలపాలి. 42.285ని 60తో భాగిస్తే 0.70475, అంటే 17.70475.

ఇంకో చిట్కా. డబ్బాతో ఉన్న రెండు వేర్వేరు కాష్‌ల మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలన్నది నియమం. మ్యాప్‌లో రెండు పిన్‌లు అంతకంటే దగ్గరగా కనిపిస్తే, వాటిలో ఒకదాని దగ్గర చాలామటుకు డబ్బా లేనట్టే. కొన్ని మిస్టరీల్లో మాత్రం ఇచ్చిన చోటే డబ్బా ఉండి, దానికున్న తాళం విప్పడమే పొడుపు అవుతుంది. ఆ సంగతి వివరణలో రాసుంటుంది, చదవండి.

మిగతా రకాలు అంత తిప్పలు పెట్టవు. మల్టీ అయితే ఇచ్చిన చోటు మొదటి మెట్టు మాత్రమే. అక్కడ బోర్డు మీది అంకెలతో లెక్క కట్టి తర్వాతి చోటికి వెళ్లాలి. వర్చువల్‌కీ, ఎర్త్‌కాష్‌కీ డబ్బాయే ఉండదు. అక్కడ చూసి, కాష్ పెట్టినవాళ్లకు జవాబులు పంపాలి. ఎర్త్‌కాష్ అంటే భూమి కథ. మన ఎర్రమట్టి దిబ్బల లాంటి చోటికి ఇలాంటిది సరిగ్గా నప్పుతుంది. అక్కడికెళ్లి డబ్బా కోసం ఇసుక తవ్వేవాళ్లకు ఒక మాట: అది రక్షిత భూవైజ్ఞానిక వారసత్వ స్థలం, తవ్వకూడదు. ఆ మాటకొస్తే స్థలం యజమాని అనుమతి లేకుండా నేల తవ్వి కాష్ పెట్టకూడదన్నది ఆటలోనే ఉన్న నియమం. ఎక్కడైనా సరే, పార అవసరమనిపించిందంటే మీరు తప్పు చోట ఉన్నారు.

రకం సరిగ్గానే ఉంది, అయినా దొరకట్లేదు

ఇప్పుడు సైజు. 2000 మే 3న అమెరికాలోని ఒరెగాన్‌లో పెట్టిన మొట్టమొదటిది బకెట్. కొత్తవాళ్లు ఇప్పటికీ అదే ఊహించుకుని వెతుకుతారు. మైక్రో అంటే 100 మిల్లీలీటర్ల లోపు, పాత ఫిల్మ్ రీలు డబ్బీ దీని కిందికే వస్తుంది. స్మాల్ 100 మి.లీ. నుంచి ఒక లీటరు వరకు. రెగ్యులర్ 1 నుంచి 20 లీటర్లు. ఆపైన లార్జ్.

మైక్రోలోనే నానో అని ఒకటుంది, శనగగింజకు కాస్త పెద్దది, అయస్కాంతంతో ఇనుముకు అంటుకుని ఉంటుంది. పేజీలో చాలామంది దాన్ని మైక్రో అనో, "అదర్" అనో వేస్తారు. అందుకని మైక్రో అని ఉంటే కళ్లతో కాదు, వేళ్లతో వెతకండి: రెయిలింగ్ అడుగు, బోల్టుల వెనక, బోర్డు ఫ్రేము లోపలి అంచు. సముద్రం ఒడ్డున ఉప్పుగాలికి తుప్పుపట్టి రెయిలింగ్ రంగులోనే కలిసిపోతుంది. మూత బిగిసి ఉంటే గుడ్డ చుట్టి తిప్పండి. కాగితం చుట్ట తీయడానికి ట్వీజర్స్, రాయడానికి పెన్ను మీవే ఉండాలి, లోపల పెన్నుకు చోటుండదు. "అదర్" అని ఉంటే ఆకారంలోనే మాయ: బోల్టులా, బోర్డు మీద అంటించిన పలకలా ఉండొచ్చు.

రెగ్యులర్ అని ఉంటే రెయిలింగ్ వదిలేయండి, అక్కడ పట్టదు. రాళ్ల సందులు, చెట్ల మొదళ్లు చూడండి.

ఆరుబయట ఫోన్ జీపీఎస్ మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ చూపుతుంది. కంబాలకొండ లాంటి చెట్ల మధ్య, కొండ వాలుల్లో పది దాటుతుంది. చివరి పది మీటర్లలో బాణం గిరగిరా తిరుగుతుంటే ఫోన్ జేబులో పెట్టి, ఆ సైజు డబ్బాను మీరైతే ఎక్కడ పెడతారో చూడండి. అప్పటికీ తోచకపోతే పేజీలో హింట్ ఉంటుంది, నొక్కితే విడిపోతుంది. బాణం నేవీ ప్రాంతాల గోడ వైపు లాగుతుంటే వెనక్కి తిరగండి. సైనిక స్థావరాల దగ్గర కాష్ పెట్టడానికే అనుమతి లేదు, కాబట్టి తప్పు మీ అంకెల్లోనే ఉంది.

డబ్బా దొరికింది, బొమ్మ పెట్టే చోటు లేదు

మైక్రోలో కాగితమే ఉంటుంది. ఇచ్చిపుచ్చుకునే వస్తువులు స్మాల్ నుంచే మొదలు, అవి కూడా తీసుకున్నదానికి సమానమైనవి పెట్టాలి. తినేవి వద్దు, చీమలు పడతాయి. లెటర్‌బాక్స్ రకంలో కనిపించే రబ్బరు స్టాంపు డబ్బాకు చెందినది, పట్టుకుపోకండి. నంబరు చెక్కిన ట్యాగ్ తగిలించిన వస్తువు తీసుకుంటే ఇంకో కాష్‌లో వదలాలి.

ఇక డబ్బా ఎవరో ఎత్తుకుపోవడం, వానకు కొట్టుకుపోవడం, పెట్టినవాళ్లే అంకెలు తప్పివ్వడం. ఉంటాయి, కానీ అరుదు. పేజీలో చివరి నాలుగైదు లాగ్‌లు (వెతికినవాళ్లు రాసినవి) చూడండి. వరసగా "దొరకలేదు" అనే ఉంటే వదిలేసి ఇంకోదానికి వెళ్లండి, మీరూ "దొరకలేదు" అని లాగ్ చేయండి. నిన్ననే ఎవరికైనా దొరికి ఉంటే మళ్లీ పైనుంచి మొదలుపెట్టండి.