మూత తీస్తే చల్లబడుతుందనుకున్నా

విజయవాడలో మాదొక చిన్న ఆఫీసు. గోడకు బిగించిన ర్యాక్‌లో 24 పోర్టుల పీఓఈ స్విచ్ ఉంది, అంటే నెట్‌వర్క్ కేబుల్‌లోనే డేటాతో పాటు కరెంటు కూడా పంపే పెట్టె. కెమెరాలు, వైఫై యాక్సెస్ పాయింట్లు అన్నీ దాని మీదే నడుస్తాయి. మే నెలలో మధ్యాహ్నం రెండయ్యేసరికి కెమెరాలు ఒక్కొక్కటే ఆగిపోయేవి. స్విచ్ లాగిన్ పేజీలో చూస్తే లోపల 68 డిగ్రీలు.

నాకు తోచిన మందు స్విచ్ పెట్టె మూత విప్పేయడం. గాలి బాగా తగులుతుంది కదా! అరగంట తర్వాత చూస్తే 74. టెన్షన్ మొదలైంది.

ఆలోచిస్తే తట్టింది. ఆ మూత వట్టి రేకు కాదు, గాలికి గొట్టం లాంటిది. ఫ్యాన్లు లాగే గాలి చిప్‌ల వేడిని లాగేసే హీట్ సింక్ అనే లోహపు రెక్కల మధ్య నుంచే వెళ్లాలి. మూత లేకపోతే ఫ్యాన్ తన పక్కనున్న గాలినే దగ్గరి దారిలో లాక్కుంటుంది, చిప్‌ల మీద గాలి ఆడదు. (ఫ్యాన్ లేని కొన్ని పెట్టెల్లో అయితే చిప్ వేడి థర్మల్ ప్యాడ్ అనే మెత్తటి పొర ద్వారా మూతకే పోతుంది. అక్కడ మూతే హీట్ సింక్.) పైగా పవర్ సప్లయ్‌లో 230 వోల్టులు బయటపడి ఉన్నాయి. చెయ్యి తగల్లేదు, నా అదృష్టం.

ప్లగ్ పీకి, ఫ్యాన్ల దుమ్ము బ్రష్‌తో దులిపి, మూత మళ్లీ బిగించా. అసలు దొంగ ర్యాక్. పక్క రేకులు, ముందు అద్దం తలుపు మూసి ఉండడంతో స్విచ్ తాను వదిలిన వేడి గాలినే మళ్లీ పీలుస్తోంది. పక్క రేకులు తీసేశా, పైన ఫ్యాన్ ట్రే పెట్టా, అదే ర్యాక్‌లో ఇరికించిన యూపీఎస్‌ను బల్ల కిందికి మార్చా. ఇప్పుడు మధ్యాహ్నం కూడా 57 దాటట్లేదు.