గుడ్డు వరకూ ఫర్వాలేదనుకునే శాకాహారి థాయిలాండ్‌లో భోజనం చెప్పుకునే పద్ధతి

థాయిలాండ్‌లో కంటికి కనిపించే మాంసం ముక్కతో పెద్ద తంటా లేదు. కనిపించనివాటితోనే చిక్కు. చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసే నామ్ ప్లా, ఊరిన రొయ్యల ముద్ద కపి, ఆయిస్టర్ సాస్ అని మనకు తెలిసిన నామ్ మన్ హోయ్: ఈ మూడూ అక్కడి వంటలో మన ఉప్పూ ఇంగువంత మామూలు. "మాంసం వద్దు" అని చెబితే వంటాయన నిజాయతీగా మాంసం మానేసి, నామ్ ప్లా మాత్రం ఎప్పట్లాగే రెండు చెంచాలు పోస్తాడు. ఆయన లెక్కలో అది ఉప్పు. కాబట్టి మీ గీత ఎక్కడుందో విమానం ఎక్కకముందే తేల్చుకోండి. గుడ్డు తింటారా? చేప పులుసు నీళ్ళు చుక్క పడితే సర్దుకుంటారా, లేదా? అక్కడ వాడాల్సిన మాటలు దీన్ని బట్టే మారతాయి.

శాకాహారానికి థాయిలో రెండు మాటలున్నాయి. "మంగ్సవిరత్" అంటే మన "మాంస విరతి"యే, పాళీ సంస్కృతాల నుంచి వెళ్ళింది. మనకు నోరు తిరిగే మాటే అయినా బండి దగ్గర దీని పట్టు తక్కువ. గుడ్డూ పాలూ దీనికి అడ్డు కావు, నామ్ ప్లా కూడా చాలాసార్లు జారిపోతుంది. రెండోది "జే". చైనా నుంచి వచ్చిన ఉపవాస నియమం ఇది. మాంసం, చేప, గుడ్డు, పాలతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా నిషేధం. కార్తీకంలో ఉల్లి మానేసే ఇళ్ళవాళ్ళకు దీన్ని వేరే వివరించక్కర్లేదు. ఏ మూల ఊళ్ళో చెప్పినా అర్థమవుతుంది, అర్థమైతే ఎవరూ చేప నీళ్ళు పొయ్యరు. అందుకని గుడ్డు తినేవాళ్ళు కూడా ముందు జే అనే చెప్పి, తరవాత సడలించుకోవడం మేలు: "కిన్ జే, తే కిన్ ఖై దాయ్." జే తింటాను, గుడ్డు ఫర్వాలేదు అని. మగవాళ్ళు చివర "ఖ్రప్", ఆడవాళ్ళు "ఖా" చేర్చాలి. అది మన "అండీ" లాంటిది.

ఇక్కడ తెలుగువాళ్ళు తప్పకుండా బోల్తాపడే చోటు ఒకటుంది. థాయిలో "ఖై" అంటే గుడ్డు, "కై" అంటే కోడి. స్వరం రెంటికీ ఒకటే, తేడా అంతా ఒత్తులోనే. మాట్లాడేటప్పుడు మనం ఒత్తులు మింగేస్తాం కదా. ఖర్చుని కర్చు అన్నట్టే ఖైని కై అంటే గుడ్డు అడిగినవాళ్ళకు కోడి వస్తుంది. నోటి ముందు అరచెయ్యి పెట్టుకుని "ఖ" పలకండి, గాలి చేతికి తగలాలి. కారానికీ ఇదే గొడవ. "ప్హెత్" అంటే కారం, ఒత్తు పోతే "పెత్", అంటే బాతు.

బండి దగ్గర

అప్పటికప్పుడు పెనం మీద చేసేవి ఎంచుకోండి. ముందే వండి పెట్టినవాటిలోంచి దేన్నీ తీసెయ్యలేరు. కొబ్బరిపాల కూరలన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. గ్రీన్ కర్రీ, రెడ్ కర్రీ ముద్దలో దుంపరాష్ట్రకం, నిమ్మగడ్డితో పాటు కపి కూడా కలిపే నూరుతారు. ముక్కల బదులు టోఫు వేయించుకున్నా రొయ్యల ముద్ద లోపలే ఉంటుంది. టామ్ యమ్ అనే పుల్లటి చారులో వేసే వేయించిన మిరప ముద్దలో ఎండురొయ్యలుంటాయి. నూడుల్ సూప్ నీళ్ళు పంది ఎముకలతో మరిగించినవే ఎక్కువ. ఇవన్నీ జే దుకాణంలో తప్ప వద్దు.

బండి ఆయనకు వరసగా ఇలా చెప్పండి. మొదట "కిన్ జే". తరవాత వంటకం పేరు. ఆపైన వద్దన్నవి ఒక్కొక్కటిగా: "మై సై నామ్ ప్లా, మై సై నామ్ మన్ హోయ్." "మై సై" అంటే వెయ్యొద్దు. చివర, బదులుగా ఏం వెయ్యాలో మీరే చెప్పాలి: "సై సీ ఇవ్ ఖావ్", పల్చటి సోయా సాస్ వెయ్యండి అని. ఈ ఆఖరి మాట మరిచిపోతే ఉప్పు చాలలేదని అలవాటుగా చెయ్యి నామ్ ప్లా సీసా మీదికి పోతుంది, లేదా చప్పిడి కూడు వస్తుంది. పెనం పంచుకోవడం మీకు అభ్యంతరమైతే బండి జోలికే పోకండి. వంటకానికీ వంటకానికీ మధ్య నీళ్ళు పోసి గీకుతారంతే.

ఇలా చెప్పుకుంటే బాగా కుదిరేవాటిలో మొదటిది టోఫుతో క్రపావ్. క్రపావ్ అంటే మన తులసి జాతే. గుప్పెడాకులు మిరపకాయలతో సెగ మీద వేయించి అన్నం మీద పోస్తారు. పైన "ఖై దావ్" అడిగితే అంచులు కరకరలాడే పొరటు కాని గుడ్డు వస్తుంది. తులసిని కోటలో తప్ప చూడనివాళ్ళకు మొదటి ముద్ద కాస్త ఇబ్బందే. రెండోది "పక్ బుంగ్", మన చెరువుల్లోని తూటికూర. అందులో పడే సోయా గింజల ముద్ద శాకాహారమే, ఆయిస్టర్ సాస్, నామ్ ప్లా ఆపితే చాలు.

పాడ్ థాయ్ అనే వేయించిన నూడుల్స్ మాత్రం చూడ్డానికి సులువు, నిజానికి కష్టం. ఎండురొయ్యలు వెయ్యకుండా ఆపగలరు గానీ, చింతపండు, తాటిబెల్లం, నామ్ ప్లా కలిపిన పులుసు చాలా బండ్ల మీద పొద్దున్నే కాచి పెట్టేసి ఉంటుంది.

సొమ్ తమ్, అంటే పచ్చి బొప్పాయి దంపుడు, అప్పటికప్పుడు చేసేదే. "మై సై కుంగ్ హేంగ్" అంటే ఎండురొయ్యలు ఆగుతాయి. కానీ అదే రోట్లో ఇంతకుముందు ఊరిన చేపా పీతా దంచి ఉంటారు, వాసన తెలుస్తుంది. మిరపకాయల సంగతి: గుంటూరు ధైర్యంతో అడగొద్దు. అక్కడివి చిన్నవి, పచ్చివి, నూనె తగలనివి, నెయ్యీ అన్నం తోడు లేనివి. "ప్రిక్ మెత్ దియావ్", ఒక్క కాయ, అని మొదలుపెట్టండి.

బల్ల మీద నాలుగు గిన్నెలుంటాయి. పంచదార, కారప్పొడి సరే. మిరప ముక్కలు తేలే ద్రవాలు రెండుంటే, తెల్లగా ఉన్నది వెనిగర్, గోధుమ రంగుది నామ్ ప్లా. వాసన చూశాకే పోసుకోండి.

పచ్చజెండా కాదు, పసుపు జెండా

జే దుకాణానికి గుర్తు పసుపు మీద ఎర్ర అక్షరాలు. థాయి "เจ" మనకు 17 అంకెలా కనిపిస్తుంది, అలాగే గుర్తుపెట్టుకోండి. పళ్ళాల్లో కూరలు పరిచి ఉంటాయి, వేలితో చూపిస్తే అన్నం మీద వేసిస్తారు. ముడిబియ్యం అన్నం కూడా చాలాచోట్ల దొరుకుతుంది. పదకొండింటికల్లా వెళ్ళండి, మధ్యాహ్నం దాటితే అడుగంటిన పళ్ళాలే మిగులుతాయి. బాతు తోలు, పంది ముక్క ఆకారంలో ఉన్నవి చూసి బెదరొద్దు; గోధుమ పిండి జిగురుతో, సోయాతో చేసినవి. రాత్రి పొద్దుపోయాక సెవెన్ ఎలెవెన్ కొట్లలో ఇదే గుర్తున్న పొట్లాలు వెతకండి. ఆవిరి బన్నుల్లో పంది మాంసం పెట్టినవే ఎక్కువ, రంగు చూసి ఊహించి కొనకండి.

తీపికి దిగులు లేదు. మామిడిపండుతో జిగురన్నం అంటే బియ్యం, కొబ్బరిపాలు, పంచదార, ఉప్పు. ఏప్రిల్, మే నెలల్లో పండు బాగుంటుంది. ఖనోమ్ క్రోక్ మన గుంట పొంగణాల చుట్టమే, బియ్యప్పిండీ కొబ్బరిపాలూ పోసి గుంటల పెనం మీద కాలుస్తారు. అరటిపండు రోటీలో గుడ్డు పడుతుంది, వద్దనుకుంటే "మై సై ఖై", ఒత్తు మరవకుండా.

తేదీలు మీ చేతిలో ఉంటే చైనా పంచాంగం తొమ్మిదో నెల మొదటి తొమ్మిది రోజులకు పెట్టుకోండి. అది జే పండగ. అప్పుడు ఫుకెట్‌లో, బ్యాంకాక్ చైనాటౌన్ యావరాట్‌లో వీధులన్నీ పసుపు జెండాలే, మామూలు బండ్లు కూడా జేకి మారతాయి. ఆ నెల అమావాస్య దగ్గరే మొదలవుతుంది కాబట్టి చాలా ఏళ్ళు మన శరన్నవరాత్రులతో కలుస్తుంది. 2023లో రెండూ అక్టోబరు 15నే మొదలయ్యాయి. కానీ అధిక మాసాలు ఇద్దరికీ ఒకేసారి రావు. 2025లో వాళ్ళకు అధికం పడి పండగ అక్టోబరు 21కి జరిగింది, మన నవరాత్రులు సెప్టెంబరు 22నే మొదలైపోయాయి. దసరా సెలవులు చూసి టికెట్టు కొనెయ్యకుండా ఆ ఏటి తేదీ సరిచూసుకోండి. ఫుకెట్‌లో పొద్దున్నే సాగే ఊరేగింపుల్లో బుగ్గల్లోంచి శూలాలు గుచ్చుకుని నడుస్తారు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు తినడం పొద్దెక్కాక పెట్టుకోవడం మంచిది.