బాక్స్ లాక్రోస్ సీజన్‌కు ముందు తల్లిదండ్రులు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఒంటారియోలో ఏప్రిల్ వచ్చేసరికి చాలా ఐస్ హాకీ అరీనాలలో మంచును తొలగిస్తారు. అడుగున బయటపడిన కాంక్రీటు నేల మీద ఆగస్టు మొదటి వారాల దాకా బాక్స్ లాక్రోస్ సాగుతుంది. జట్టుకు ఒక గోలీ (గోల్‌కీపర్), ఐదుగురు ఆటగాళ్లు చొప్పున చెక్క గోడల మధ్య పరిగెత్తుతూ, కొసన వల ఉన్న కర్రతో బంతిని పట్టి గోల్‌లోకి విసిరే ఈ ఆట, వేసవిలో ఖాళీగా పడి ఉండే అరీనాలను నింపడానికి 1930ల మొదట్లో కెనడాలో రూపుదిద్దుకుంది. తెలుగు కుటుంబాలు స్థిరపడిన బ్రాంప్టన్‌లో 1871లోనే మొదలైన ఎక్సెల్సియర్స్ క్లబ్బు పేరు నేటికీ ఊరి గుర్తుగా ఉంది. బడిలో స్నేహితులను చూసి పిల్లవాడో పిల్లో లాక్రోస్ ఆడతానని అడిగినప్పుడు, క్రికెట్ మాత్రమే ఎరిగిన మన ఇళ్లలో ఏమి కొనాలో, దేనికి భయపడాలో, దేనికి భయపడనక్కరలేదో తెలియక తడబడతారు. ఈ ఆటలో దెబ్బలు తగలడం మామూలే, కానీ ఆ దెబ్బల కంటే వాటిని దాచిపెట్టడం వల్ల కలిగే హాని ఎక్కువ. కింద చెప్పినవాటిలో అధిక భాగం ఆ దాపరికానికి తావు లేకుండా చేయడానికి ఉద్దేశించినదే.

చేర్చే ముందు పిల్లల వయసు విభాగంలో ఢీకొనడానికి ఎంతవరకు అనుమతి ఉందో క్లబ్బును అడిగి తెలుసుకోవాలి. ఈ విభాగాలు రెండేసి సంవత్సరాలకు ఒకటిగా ఉంటాయి. చిన్న పిల్లల విభాగాలలో శరీరాలు తాకడం మీద పరిమితులు ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ బంతి ఉన్న ఆటగాడిని రెండు చేతుల మధ్య పట్టుకున్న కర్రతో నెట్టి ఆపడం నియమబద్ధమైన ఆటలో భాగమవుతుంది. కాబట్టి పై విభాగంలోకి అడుగుపెట్టే మొదటి సంవత్సరమే అన్నిటికంటే జాగ్రత్తగా ఉండవలసిన కాలం. ఆ ఏడాది పిల్లవాడు విభాగంలో చిన్నవాడవుతాడు, ఎదుటివాడు అతనికంటే ఒక తల ఎత్తు ఉండవచ్చు, పైగా నెట్టుడును ఎలా తట్టుకోవాలో అతను ఇంకా నేర్చుకోలేదు. సీజన్‌కు ముందు జరిగే సాధన శిబిరాలను డబ్బు దండగ అనుకునే తల్లిదండ్రులు కనీసం ఈ ఒక్క ఏడాది పంపడం మంచిదని నా అభిప్రాయం. గోడకు అడుగు, రెండడుగుల దూరంలో నిలబడి దెబ్బ కాచుకోవడం చాలా ప్రమాదకరమనీ, గోడకు పూర్తిగా ఆనుకునైనా ఉండాలి లేదా దూరంగా జరగాలి అనీ పిల్లలకు శిక్షకుల చేత చెప్పించాలి.

రక్షణ సామగ్రి విషయానికి వస్తే, మైదానంలో ఆడే లాక్రోస్ కంటే బాక్స్ ఆటకు తొడుగులు ఎక్కువ కావాలి. కర్రతో నెట్టడం పక్కటెముకల మీద, నడుము మీద పడుతుంది కాబట్టి భుజాల తొడుగు, మోచేతుల తొడుగులతో పాటు పక్కటెముకలకు, మూత్రపిండాల ప్రాంతానికి ప్రత్యేకమైన ప్యాడ్ వేసుకోవాలి. గ్లవ్స్, పళ్ల రక్షణకు మౌత్‌గార్డ్, బాలురకైనా బాలికలకైనా జననాంగాల రక్షణ కవచం తప్పనిసరి. హెల్మెట్ మీద సీఎస్‌ఏ (కెనడా ప్రమాణాల సంస్థ) ముద్ర ఉందో లేదో చూడాలి. ముఖం మీది ఇనుప జాలీ లాక్రోస్ కోసం ఆమోదించినదేనా అని విడిగా అడగాలి, ఎందుకంటే హాకీ బిళ్ల కోసం చేసిన జాలీ ఈ బంతి దెబ్బకు సరిపోకపోవచ్చు. ఆ బంతి గట్టి రబ్బరుది, బరువు దాదాపు 145 గ్రాములు, అంటే క్రికెట్ బంతి కంటే కొద్దిగానే తక్కువ. పెద్దల స్థాయిలో అది గంటకు 150 కిలోమీటర్ల వేగాన్ని దాటుతుంది. పాత హెల్మెట్ కొనడం పొదుపు కాదు. అది ఎన్ని దెబ్బలు తిన్నదో చూపులకు తెలియదు. భుజాల తొడుగు, గ్లవ్స్ వంటివి క్లబ్బు పాత సామాన్ల అమ్మకంలో కొనుక్కున్నా ఇబ్బంది లేదు. అయితే పిల్లవాడు పెరుగుతాడు కదా అని రెండు సైజులు పెద్దవి కొనే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. వదులుగా ఉన్న ప్యాడ్ పరిగెత్తుతుండగా జారిపోతుంది, సరిగ్గా దెబ్బ తగిలే వేళకు అది అక్కడ ఉండదు.

చెవిపోగులు, ముక్కుపుడక, మెడలో గొలుసు, మణికట్టు కడియం ఆటకు ముందే తీసి ఇంట్లో పెట్టాలి. తాయెత్తు, మొలతాడు తీయడానికి ఇంట్లో పెద్దలు ఒప్పుకోకపోతే ఆ విషయం ముందుగానే శిక్షకునికి చెప్పి, లోపలి బట్టల కింద టేపుతో అంటించి కప్పడానికి అనుమతి అడగాలి. ఆట మొదలయ్యే నిమిషంలో రెఫరీ అభ్యంతరం చెబితే పిల్లవాడు అందరి ముందు సిగ్గుపడతాడు. కళ్లద్దాలు పెట్టుకునే పిల్లలకు హెల్మెట్ లోపల ఇమిడే, పగలని స్పోర్ట్స్ గాగుల్స్ చేయించాలి. ఆస్తమా ఉన్నవారి ఇన్‌హేలర్ సంచి అడుగున కాక బెంచీ దగ్గర ఉండి జట్టులో గాయాల సంగతి చూసే ట్రైనర్ చేతిలో ఉండాలి.

ఇక అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది తలకు తగిలే దెబ్బ. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది గాని లోపల మెదడు అదరడాన్ని, అంటే కంకషన్‌ను, ఆపలేదు. స్పృహ తప్పకపోయినా కంకషన్ కావచ్చు. అసలు తలకు ఏదీ తగలకుండా ఒళ్లు ఒక్కసారిగా కుదుపుకు లోనైనా కావచ్చు. ఒట్టావాకు చెందిన 17 ఏళ్ల రగ్బీ క్రీడాకారిణి రోవన్ స్ట్రింగర్ కొద్ది రోజుల వ్యవధిలో తలకు పలుమార్లు దెబ్బలు తగిలి 2013లో మరణించింది. మొదటి దెబ్బ నుంచి మెదడు కోలుకోకముందే మళ్లీ మైదానంలోకి దిగడమే ఆమె ప్రాణం తీసింది. ఆ తరువాత ఒంటారియో శాసనసభ 2018లో రోవన్ చట్టం చేసింది. దీని ప్రకారం 26 ఏళ్ల లోపు క్రీడాకారులు, 18 ఏళ్ల లోపువారి తల్లిదండ్రులు ఏటా కంకషన్ అవగాహన పత్రాన్ని చదివినట్టు ధ్రువీకరించాలి. కంకషన్ అనుమానం వచ్చిన ఆటగాడిని వెంటనే ఆట నుంచి తప్పించాలి. రిజిస్ట్రేషన్ సమయంలో కంప్యూటర్ మీద కనిపించే ఆ గడిలో చదవకుండా టిక్కు పెట్టేయడం అందరికీ అలవాటే. ఈ ఒక్కసారి పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని, అవసరమైతే తెలుగులో అర్థం చెబుతూ, పది నిమిషాలు చదవాలి.

లక్షణాలు పెద్దలు చూసి పట్టుకోవలసినవి కొన్ని, పిల్లలు నోరు విప్పి చెప్పవలసినవి కొన్ని. తడబడే నడక, శూన్యంగా చూడడం, అడిగినదే మళ్లీ అడగడం, ఏ గోల్ వైపు పరిగెత్తాలో మరచిపోవడం మనకు కనిపిస్తాయి. తలనొప్పి, కడుపులో తిప్పడం, వెలుతురు భరించలేకపోవడం, తల మొద్దుబారినట్టు ఉండడం పిల్లవాడు చెబితే తప్ప తెలియదు. సరిగ్గా ఇక్కడే దాపరికం మొదలవుతుంది. చెబితే వచ్చే శనివారం పోటీలో ఆడనివ్వరని పిల్లవాడు మింగేస్తాడు. నాన్న మూడు వందల డాలర్ల కర్ర కొన్నాడన్న బెరుకు కూడా నోరు నొక్కుతుంది. అందుచేత దెబ్బ గురించి చెప్పినందుకు తిట్టబోమని, పెట్టిన డబ్బు మాట ఎత్తబోమని సీజన్ మొదలు కాకముందే ఇంట్లో స్పష్టంగా మాట ఇవ్వాలి. జట్టులో మరొకరి లక్షణాలు గమనించి ట్రైనర్‌కు చెప్పడం చాడీ కాదని కూడా పిల్లలకు నూరిపోయాలి.

అనుమానం వచ్చిన రోజున ఆట అంతటితో ముగిసినట్టే. వైద్యుడు గాని నర్స్ ప్రాక్టీషనర్ గాని పరీక్షించాలి. దిష్టి తీయడం మీ ఇష్టం, అమృతాంజనం రాయడం మీ ఇష్టం, కానీ అవి పరీక్షకు బదులు కావు. మొదటి 24 నుంచి 48 గంటలు విశ్రాంతి ఇవ్వాలి, ఫోను, టీవీ బాగా తగ్గించాలి. ఆ తరువాత చీకటి గదిలో రోజుల తరబడి పడుకోబెట్టడం మేలు చేయదని, లక్షణాలు బాగా ఎక్కువ కానంత వరకు మెల్లగా నడవడం మంచిదని ఇప్పటి వైద్య సలహా. దెబ్బ తగిలినవాడిని నిద్రపోనివ్వకూడదన్నది మన ఇళ్లలో గట్టిగా నాటుకున్న నమ్మకం. వైద్యుడు పరీక్షించి ఇంటికి పంపిన తరువాత నిద్ర ఆపవలసిన పని లేదు. ఆటలోకి తిరిగి వెళ్లడం మెట్ల వారీగా, ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు చొప్పున జరగాలి. ముందు బడి పూర్తిగా కుదురుకోవాలి, ఢీకొనే సాధనకు ముందు వైద్యుని అనుమతి రావాలి. మెడ నొప్పి, పదేపదే వాంతులు, మూర్ఛ, కాళ్లు చేతులు తిమ్మిరెక్కడం, అంతకంతకూ పెరిగే తలనొప్పి, మాట తడబడడం కనిపిస్తే పిల్లవాడిని కదపకుండా, హెల్మెట్ తీయకుండా 911కి ఫోను చేయాలి.

అరుదే అయినా తెలిసి ఉండవలసిన మరొక ప్రమాదం ఉంది. గుండె కొట్టుకునే లయలో ఒక సున్నితమైన క్షణాన బంతి ఛాతీకి తగిలితే, ఎముక విరగకుండానే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. ఛాతీకి బంతి తగిలిన పిల్లవాడు రెండు అడుగులు వేసి కుప్పకూలితే ఊపిరి ఆగిందేమో అని చూస్తూ నిలబడకూడదు. వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి, మరొకరు గుండెకు షాక్ ఇచ్చి లయ సరిచేసే ఏఈడీ యంత్రం తేవాలి. యంత్రం వాడడం ఆలస్యమయ్యే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. కాబట్టి కొత్త అరీనాలోకి అడుగుపెట్టగానే క్యాంటీన్ ఎక్కడని చూసే ముందు ఏఈడీ ఎక్కడ వేలాడుతోందో చూసుకోవాలి. ప్రతి కుటుంబం నుంచి ఒక్కరైనా సీపీఆర్‌లో, అంటే ఇలా ఛాతీ నొక్కే పద్ధతిలో, శిక్షణ తీసుకుంటే అంతకంటే మంచి చందా జట్టుకు వేరే లేదు.

జూన్ చివరి నుంచి ఎండ వేడిమి అరీనా లోపల కూడా తెలుస్తుంది. గాలి ఆడని హాలులో, ఉక్కపోత ఉన్న రోజున, ఒంటినిండా ప్యాడ్లతో ఆడే పిల్లలకు వడదెబ్బ తగలడం అసాధ్యం కాదు. నిలువెల్లా మందపాటి తొడుగులు వేసుకున్న గోలీకి ఈ ముప్పు మరీ ఎక్కువ. దాహం వేయకముందే నీళ్లు తాగించాలి. ఆటకు రెండు మూడు గంటల ముందే భోజనం ముగించాలి, అరీనా దారిలో కారులో పులిహోర కుక్కడం మానాలి. ఉక్కపోత రోజుల్లో చల్లని కాంక్రీటు నేల చెమ్మగిల్లి జారుతుంది. అడుగు పట్టు అరిగిన బూట్లు చీలమండ బెణుకుకు దారి తీస్తాయి కాబట్టి పక్కలకు ఊత ఉన్న మంచి బూట్లు కావాలి. ఇంటికి రాగానే సామగ్రిని సంచిలోనే మగ్గనివ్వకుండా బయట ఆరబెట్టడం చర్మవ్యాధులను దూరంగా ఉంచుతుంది.

వేసవిలో ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చిన తాతయ్యలూ అమ్మమ్మలూ మనవడి ఆట చూడడానికి వస్తారు. వారిని గాజు పలక గాని వల గాని అడ్డుగా ఉన్న చోటే కూర్చోబెట్టాలి, ఎందుకంటే గోడ దాటి ఎగిరి వచ్చే బంతిని తప్పించుకునే చురుకుదనం వారికి గాని, ఒడిలో ఉన్న పసిపిల్లలకు గాని ఉండదు. వారికి ప్రయాణ ఆరోగ్య బీమా ఉందో లేదో కూడా ముందే చూసుకోవాలి.

జట్టు అంటే ఆటగాళ్లు మాత్రమే కాదు. గడియారం నడిపేవారు, స్కోరు రాసేవారు, చివరికి తలుపు దగ్గర టికెట్లు చించేవారు కూడా ఎక్కువగా స్వచ్ఛంద సేవకులైన తల్లిదండ్రులే. చిన్నపిల్లల ఆటలకు వచ్చే రెఫరీలలో చాలామందికి పదహారు పదిహేడేళ్లకు మించి ఉండవు, అటువంటి వారి మీద గ్యాలరీ నుంచి కేకలు వేయడం మన పిల్లల భద్రతకే చేటు. భయపడిన రెఫరీ ప్రమాదకరమైన దెబ్బకు ఈల వేయడానికి వెనకాడతాడు. పెద్దలెవరైనా పిల్లవాడితో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదనే నియమాన్ని క్లబ్బు పాటిస్తోందో లేదో అడగడంలో మొహమాటం అక్కరలేదు. దుస్తులు మార్చుకునే గదిలో ఫోన్లు వాడనివ్వకూడదు.

గ్రాండ్ నది తీరాన ఉన్న ఆదివాసుల ప్రాంతమైన సిక్స్ నేషన్స్‌కు, అక్కడి ఓష్వీకెన్‌కు, ఆడడానికి వెళ్లేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. లాక్రోస్ మొదట అక్కడి ఆదివాసులైన హౌదెనొషౌనీ ప్రజలది. వారికి అది సృష్టికర్త ఇచ్చిన ఆట, రోగాన్ని మాన్పే ఆట. సిక్స్ నేషన్స్ చీఫ్స్ జట్టు 1994 నుంచి 1996 వరకు వరుసగా మూడుసార్లు కెనడా పెద్దల బాక్స్ లాక్రోస్ జాతీయ కప్పు అయిన మాన్ కప్ గెలిచింది. మన పాత పాఠ్యపుస్తకాలలో చదివిన ‘రెడ్ ఇండియన్లు’ అనే మాట అక్కడ అవమానకరం, పిల్లల నోట అది రాకుండా ముందే చెప్పాలి. హికరీ చెక్కతో చేసిన సంప్రదాయ కర్రలు కనిపిస్తే అడగకుండా ముట్టుకోకూడదు, వాటిని ఎవరు తాకవచ్చో, తాకకూడదో వారికి ఆచారాలు ఉన్నాయి.

పరాయి ఊరి పోటీలకు బయలుదేరే ముందు పిల్లల ఓహిప్ (ఒంటారియో ప్రభుత్వ ఆరోగ్య బీమా) కార్డు నంబరు, అలెర్జీల వివరాలు, కుటుంబ వైద్యుని ఫోను నంబరు ఒక కాగితం మీద రాసి ట్రైనర్‌కు ఇవ్వాలి. అత్యవసరం కాని సందేహాలకు 811కు ఫోను చేస్తే నర్సు మాట్లాడుతుంది. అంబులెన్సుకు ఓహిప్ ఉన్నవారు సాధారణంగా చెల్లించేది 45 డాలర్లే కనుక, ఖర్చుకు వెరచి దెబ్బ తగిలిన పిల్లవాడిని సొంత కారులో ఎక్కించి తీసుకుపోకూడదు. అంబులెన్సులో పిల్లవాడితో ఎవరు వెళ్తారో, మిగిలిన పిల్లలను ఏ కుటుంబం ఇంటికి చేరుస్తుందో, తాతయ్యకు ఎవరు ఫోను చేస్తారో కూడా జట్టు తల్లిదండ్రులు మొదటి సమావేశంలోనే మాట్లాడుకుని పేర్లు రాసుకోవాలి.