గులాబీ పెంపకం – 4వ పాఠం: మాడటం ఎక్కడ మొదలైంది?

గత పాఠంలో మట్టి కలిపి, మొక్క నాటుకున్నాం. ఇప్పటికి చాలామంది కుండీల్లో మొగ్గలు పడి ఉంటాయి, వాటితోపాటే టెన్షన్ కూడా. "మొగ్గ బాగానే వచ్చింది, విచ్చుకోకముందే అంచులు మాడిపోయాయి, ఏం మందు కొట్టాలి?" అని అడుగుతారు. మందు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ గోధుమరంగు మొక్కలో ఏ చోట మొదలైందో కనిపెట్టాలి. రేకు అంచున మొదలైతే కారణం ఒకటి, కొమ్మ కొసన మొదలైతే మరొకటి. ఆకు అంచున మొదలైతే అసలు తెగులే కాకపోవచ్చు.

పూర్తిగా విచ్చిన పువ్వు కొన్ని రోజులకు వాడి రంగు మారితే అది వయసే, కంగారు పడక్కర్లేదు. కాయ కట్టనివ్వకుండా, కింద ఐదాకుల రెమ్మ ఉన్న చోటికి కత్తిరించేయండి.

మొగ్గలోనే మాడితే మాత్రం ముందు అనుమానించాల్సింది తామర పురుగుల్ని. మాడిన మొగ్గ కింద తెల్ల కాగితం పట్టుకుని, వేలితో గట్టిగా నాలుగుసార్లు తట్టండి. రాలిన నలుసుల్ని వెంటనే దులపకండి, కాసేపు చూస్తూ ఉండండి. నువ్వుగింజలో సగం కూడా లేని సన్నటి పసుప్పచ్చ గీతలు నడవడం మొదలుపెడితే దొంగ దొరికినట్టే. మిరపలో ఆకులు పైకి ముడుచుకుపోయే పై ముడత తెచ్చేది ఈ జాతి పురుగే, గుంటూరు రైతులకు దీని బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. రేకులు ఇంకా మడతల్లో ఉండగానే లోపల దూరి గీకి రసం పీలుస్తుంది. అందుకే మొగ్గ విచ్చేసరికే అంచులు మాడి కనిపిస్తాయి. తెలుపు, లేత పసుపు, లేత గులాబీ రంగు పూలలో ఇది బాగా బయటపడుతుంది.

పాడైన మొగ్గలు తుంచి కవర్లో వేసి మూతి కట్టి పారేయండి. కుండీలో మాత్రం వదలొద్దు, ఈ పురుగు పెద్దదయ్యే ముందు కొన్నాళ్లు మట్టిలోనే దాక్కుంటుంది. లీటరు నీళ్లలో 5 మి.లీ. వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు నీళ్లు కలిపి, సాయంత్రం పూట చిగుళ్లు, లేత మొగ్గలు తడిసేలా వారానికోసారి కొట్టండి. ఘాటైన పురుగుమందులతో పని త్వరగా అవుతుంది, నిజమే. కానీ ఫిప్రోనిల్ లాంటివి తేనెటీగలకు విషం. నాలుగు కుండీల కోసం అంత దూరం వెళ్లడం నాకు ఇష్టం ఉండదు.

కాగితం మీద ఏమీ కదల్లేదా? ఏప్రిల్, మే నెలలైతే ఎండదెబ్బ. పడమటి ఎండ తగిలే పూలే మాడతాయి, మధ్యాహ్నం షేడ్ నెట్ కడితే సరిపోతుంది. మంచు కురిసే డిసెంబరులో పై రేకులు తడిసి అతుక్కుపోయి, మొగ్గ విచ్చక బూడిదరంగు బూజు పడితే దాన్ని తుంచేసి, నీళ్లు పొద్దున్నే మొక్క మొదట్లో పోయండి, పూల మీద కాదు.

ఆకు అంచులు చుట్టూ మాడుతూ, కుండీ గోడకు తెల్లటి పొర కడితే ఉప్పు ఎక్కువైంది. బోరు నీళ్లన్నా కారణం, గుప్పెడు డీఏపీ ఎరువు అన్నా కారణం. అడుగు రంధ్రంలోంచి ధారగా కారేదాకా రెండు మూడుసార్లు మంచినీళ్లు పోసి, నెల రోజులు ఎరువు ఆపండి.

మొక్క ప్రాణం తీసేది కొమ్మ ఎండు తెగులు. కత్తిరించిన కొస నల్లబడి, అక్కణ్ణించి కిందికి దిగుతూ వస్తుంది. మొద్దుబారిన కత్తెరతో నలిపి కోసినా, కన్ను (కొమ్మ మీద చిగురు వచ్చే చోటు) పైన పొడవైన మోడు వదిలేసినా దీనికి దారి ఇచ్చినట్టే. గోటితో బెరడు గీకండి. కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉంది, గోధుమరంగు ఉంటే పోయింది. పచ్చదనం మొదలైన చోటికి ఇంకో రెండంగుళాలు కింద, బయటివైపు చూసే కన్నుకు పావంగుళం పైన ఏటవాలుగా కోయండి. కోసిన ముఖం చూడండి, మధ్యలో బెండు (కొమ్మ లోపలి మెత్తటి భాగం) తెల్లగా ఉండాలి. గోధుమ చుక్క కనిపించిందంటే తెగులు ఇంకా కింద ఉంది, మళ్లీ కోయాల్సిందే. ఇక్కడ జాలిపడితే కొమ్మ మొత్తం పోతుంది. ప్రతి కోతకూ కత్తెరను స్పిరిట్‌తో తుడిచి, బూజు తెగుళ్ల మందు కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను నీళ్లతో చిక్కటి ముద్దగా కలిపి కోసిన చోట పూయండి.

తెగులు అంటు కట్టిన చోటు దాటి కిందికి దిగితే ఇక ఆశ వదులుకోవచ్చు. ఆ తర్వాత అడుగునుంచి జోరుగా చిగురొచ్చిందని సంబరపడతారు, అది అంటు కట్టడానికి వాడిన అడుగు మొక్కది. మీరు కొన్న పువ్వు దానికి పూయదు.

పెద్ద కత్తిరింపు మన దగ్గర అక్టోబరులో చేస్తారు. నెల్లూరు వైపు అసలు వానలు అప్పుడే కాబట్టి, అక్కడివాళ్లు వరసగా పొడి రోజులు చూసుకుని మొదలుపెట్టండి.

ఈ వారం పని: మీ మొక్కలో ఎండిన కొమ్మ ఒక్కటి ఎంచుకుని, గీకి, బెండు తెల్లగా కనిపించేదాకా కోయండి. వచ్చే పాఠంలో నల్లమచ్చ తెగులు. ఈలోగా మచ్చలున్న ఆకులు ఏరి పారేయండి, కంపోస్టు డబ్బాలో మాత్రం వేయకండి.