హోటల్లో పనివాళ్లకు దెబ్బలు: సమస్య ఎక్కడుంది, ఎలా సరిచేయాలి

ఒడిశాలోని రాయగడ స్టేషన్ దగ్గర కింద టిఫిన్ హోటలు, పైన లాడ్జి ఉన్న చోట 20 ఏళ్లుగా పనులు చూస్తున్నాను. ఎవరికి దెబ్బ తగిలినా ముందు వచ్చే మాట "చూసుకోవద్దా?" అని. నేనూ ఎన్నోసార్లు అన్నాను, ఇప్పుడు అనను. ఒకే చోట ఇద్దరు జారిపడ్డారంటే ఆ చోటునే ముందు చూడాలి. కింద రాసినవన్నీ అలా వెతికితే దొరికినవే.

సమస్య: గిన్నెల తొట్టికీ పొయ్యికీ మధ్య జారిపడుతున్నారు

కారణం: నీళ్లని అందరూ అనుకుంటారు. అసలు సంగతి నూనె. పూరీ మూకుడు నుంచి లేచే ఆవిరి రోజంతా గచ్చు మీద దిగుతుంది. రాత్రి చన్నీళ్లు కొట్టి చీపురుతో తోసేస్తే ఆ జిడ్డు పోదు, ఇంకా పల్చగా పరుచుకుంటుంది. ఆరిన టైలు మీద వేలు పెట్టి లాగి చూడండి, జిడ్డు తగులుతుంది. దాని మీద నీళ్లు, ఆ పైన అరిగిపోయిన హవాయి చెప్పులు.

పరిష్కారం: వేడినీళ్లలో వాషింగ్ సోడా కలిపి పోసి పది నిమిషాలు వదిలేయాలి. గట్టి బ్రష్షుతో రుద్ది, మంచినీళ్లతో కడిగి, వైపరుతో లాగేయాలి. చేతులకు గ్లవ్స్ ఉండాలి, సోడా చర్మాన్ని తినేస్తుంది. మధ్యాహ్నం రద్దీ తగ్గాక ఒకసారి, రాత్రి ఒకసారి. జారకుండా అని గోనెసంచి పరుస్తారు, అది వద్దు. తడిసి ముడుచుకుని కాలికి అడ్డం పడుతుంది. వేళ్లు, మడమ మూసి ఉండి, అడుగున గాడులున్న రబ్బరు చెప్పులు యజమానే కొనివ్వాలి. జీతంలో కోస్తే ఎవరూ వేసుకోరు.

సమస్య: సాంబారు, గంజి మీద పడి కాలుతున్నారు

ఇది కాస్త వివరంగా చెప్పాలి. మజ్జిగౌరి అమ్మవారి దర్శనానికి పార్వతీపురం, బొబ్బిలి వైపు నుంచి జనం బాగా దిగిన ఒక ఉదయం, ఇద్దరు కలిసి సాంబారు డేగిసా మోసుకొస్తున్నారు. పనిలో చేరి మూడు రోజులైన కుర్రాడు దారిలో ఉన్నాడు. వాడిది కువి అనే గిరిజన భాష మాట్లాడే ఊరు. వంట మాస్టారు "తప్పుకోరా" అని అరిచారు. వాడికి ఆ మాట తెలీదు. ఎవరో పిలిచారనుకుని అటే తిరిగాడు. మోచెయ్యి డేగిసాకు తగిలింది, సాంబారు వాడి పాదం మీద పడింది. సాంబారు నీళ్లలా జారిపోదు, పప్పు చర్మానికి అంటుకుని అక్కడే ఉండి కాలుస్తుంది. ఆరు వారాలు వాడు సరిగ్గా నడవలేదు.

కారణం: మా వంటింట్లో మాస్టారిది తెలుగు, సప్లయర్లది ఒడియా, గిన్నెలు తోమేవాళ్లది కువి. హెచ్చరిక ఒక్క భాషలోనే ఉంది. అంచుదాకా నింపిన గిన్నె, ఇరుకు దారి దానికి తోడు.

పరిష్కారం: అందరికీ తెలిసిన ఒక్క మాట పెట్టుకోండి. మాది "గరం". అది వినపడగానే ఎక్కడివాళ్లు అక్కడే ఆగాలి. పక్కకు దూకడం కూడా వద్దు, మోసేవాళ్లే చుట్టూ తిరిగి వెళ్తారు. కొత్తగా చేరినవారికి మొదటి రోజు నేర్పాల్సింది ఇదే. గిన్నె ముప్పావు వంతుకు మించి నింపొద్దు. మూత వేసి చక్రాల బండి మీద తోయండి. మసిగుడ్డ పొడిగా ఉండాలి, తడిగుడ్డలోంచి వేడి క్షణంలో చేతికి వస్తుంది.

కాలితే వెంటనే కుళాయి ధార కింద 20 నిమిషాలు. ఈలోగా వాచకముందే ఉంగరం, కడియం తీసేయాలి. టూత్‌పేస్టు, పసుపు, ఐసు ఏదీ వద్దు. అంటుకున్న బట్టను లాగొద్దు. ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు కాలినా, గాయం అరచేతికన్నా పెద్దదైనా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

సమస్య: మూకుడులో నూనెకు మంట అంటుకుంది

గ్యాస్ కట్టేసి మూత బోర్లించండి, మూకుడును కదపొద్దు. నీళ్లు మాత్రం వద్దు. నీరు నూనె అడుగుకు దిగి ఆవిరై సుమారు 1,700 రెట్లు పెరుగుతుంది, మండే నూనెను పైకప్పుదాకా చిమ్ముతుంది.

సమస్య: గ్యాస్ వాసన

ఎల్‌పీజీ గాలికన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది. అందుకే తలుపులన్నీ తీయాలి. ఏ స్విచ్చూ వేయొద్దు, ఆపొద్దు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా అంతే. వాల్వు కట్టేసి అందరూ బయటికొచ్చాక గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయండి. సిలిండరు దించుకునేటప్పుడే పైపట్టీ మీద అక్షరం, అంకె చూసుకోవాలి. బి-27 అంటే ఆ సిలిండరును మళ్లీ పరీక్షించడానికి 2027 జూన్ దాకా గడువు. ఎ అంటే మార్చి, సి సెప్టెంబరు, డి డిసెంబరు.

సమస్య: గ్రైండరు ముట్టుకుంటే జుమ్మంటోంది

వానాకాలం గోడ తడి అని వదిలేస్తారు. అది ఎర్తింగ్ సరిగ్గా లేదని చెప్పే గుర్తు, ఆ క్షణమే ఆపించండి. మూడు పిన్నుల ప్లగ్గు, పనిచేసే ఎర్తు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు ఉండాలి. దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడండి. తిరుగుతున్న గ్రైండర్లో పిండిని చేత్తో తోయకూడదు, భుజం మీద తువ్వాలు ఉండకూడదు.

సమస్య: బాత్రూములు కడిగే ఆవిడకు దగ్గు, కళ్ల మంట

యాసిడ్, బ్లీచింగ్ ఒకేచోట పోసి ఉంటారు. రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. ముందు ఆవిడను గాలిలోకి తీసుకెళ్లండి, ఊపిరి కష్టమైతే 108. ఆ రెండు డబ్బాలూ ఒకే బకెట్లో పెట్టి పంపకండి.

సమస్య: దెబ్బ తగిలినా ఎవరూ చెప్పడం లేదు

నాకు అన్నిటికన్నా భయం దీనితోనే. కారణం ఒక్కటే, చెబితే ఆ రోజు కూలి పోతుంది. గాయానికి సెలవిచ్చి కూలి ఇవ్వండి. ఈఎస్‌ఐ, అంటే కార్మికుల ప్రభుత్వ బీమా, అమలులో ఉన్న ప్రాంతంలో పదిమందికి తగ్గకుండా పనిచేసే హోటలైతే, నెలకు 21,000 రూపాయల దాకా జీతం ఉన్నవారిని అందులో చేర్చండి. కౌంటర్ దగ్గర ఒక పుస్తకం పెట్టి తేదీ, వేళ, చోటు రాయించండి. పేరు అక్కర్లేదు. మా పుస్తకంలో నెలలో మూడుసార్లు ఒకే మాట వచ్చింది: తొట్టి పక్క మెట్టు. దాన్ని కొట్టించి వాలుగా చేయించాం. మేస్త్రీకి సగం రోజు పని.