పుట్టిన నేల గురించిన కవితలో స్వరాన్నీ పదచిత్రాల్నీ ఎలా పట్టుకోవాలి?

సొంత దేశం మీద రాసిన కవిత ఒకటి చేతికిచ్చి "ఇందులో కవి స్వరం ఏమిటి?", అంటే ఏ భావంతో మాట్లాడుతున్నారు అని అడిగితే, చాలామంది కవిత పూర్తిగా చదవకముందే "దేశభక్తి" అని రాసేస్తారు. చదువుకునే రోజుల్లో నేనూ అదే రాశాను. మా మాస్టారు పేపర్ తిరిగిస్తూ ఒక్కటే అడిగారు: "ఏ మాట చూసి అలా అనుకున్నావు?" నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి ఏ కవిత చదివినా ఆ ప్రశ్న పక్కన పెట్టుకునే చదువుతున్నాను.

దేశం మీద కవితలన్నీ పొగడ్తలు కావు. బెంగ ఉంటుంది, కోపం ఉంటుంది, సిగ్గు ఉంటుంది, అమ్మ మీద అలిగినట్టు నిష్ఠూరం ఉంటుంది. ఒక్కోసారి ఇవన్నీ ఒకే కవితలో ఉంటాయి. వాటిని ఎలా విడదీసి చూడాలో చెప్పడానికి, ఈ వ్యాసం కోసమే రాసిన చిన్న కవిత ఇది:

మా ఊరి ఏరు ఎండిపోయిందట.
ఉత్తరం రాశారు.
ఇక్కడ కొళాయి తిప్పినప్పుడల్లా
చేతులు వాటంతటవే దోసిలి పడతాయి.

నా దేశమా,
నీ పటంలో నేనెక్కడా లేను.
నా తాళంచెవుల గుత్తిలో మాత్రం
ఇప్పటికీ నీ తాళంచెవి ఉంది.
ఆ తలుపు లేదని తెలుసు.
అయినా రాత్రిళ్లు
దాన్ని తుడిచి పెట్టుకుంటాను.

1. ముందు పైకి చదవండి

అర్థం గురించి టెన్షన్ పడకుండా రెండుసార్లు గట్టిగా చదవండి. గొంతు ఎక్కడ తగ్గిందో, ఊపిరి ఎక్కడ ఆగిందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. పై కవితలో "ఉత్తరం రాశారు" దగ్గర ఎవరైనా ఆగుతారు. రెండే మాటలు. అంత పెద్ద వార్త విన్నాక కూడా ఏడుపు లేదు, "అయ్యో" లేదు. ఆ అణచుకోవడమే స్వరం గురించి మనకు దొరికిన మొదటి ఆధారం.

2. ఎవరు, ఎవరితో మాట్లాడుతున్నారు?

ఈ విషయంలో తెలుగు మనకు చాలా సాయం చేస్తుంది. "మన దేశం" అంటే వినేవాణ్ణి కూడా కలుపుకున్నట్టు. "మా దేశం" అంటే బయటివాళ్లతో చెబుతున్నట్టు. "నా దేశం" అంటే మధ్యలో ఇంకెవరూ లేరు. అందుకే ఇలాంటి కవిత కనబడగానే నేను ముందు ఈ సర్వనామాల కింద గీతలు గీస్తాను.

మన కవిత "మా ఊరి ఏరు"తో మొదలైంది. అప్పటికి ఆ మనిషి ఇంకా ఒక గుంపులో ఒకడు. రెండో భాగానికి వచ్చేసరికి "నా", "నేను" తప్ప "మా" లేదు. ఒంటరితనం అన్న మాట ఎక్కడా వాడకుండానే ఒంటరితనం వచ్చేసింది. పైగా దేశాన్ని "నువ్వు" అంటున్నాడు. మనం తల్లినీ దేవుణ్ణీ నువ్వనే పిలుస్తాం, దెబ్బలాడేటప్పుడూ నువ్వనే అంటాం. ఇక్కడ ఆ రెండిట్లో ఏదో ఇప్పుడే తేల్చేయకండి.

పిలుపు ఎంత పని చేస్తుందో చూడాలంటే, 1910లో గురజాడ అప్పారావు రాసిన దేశభక్తి గేయం తీసుకోండి. "దేశమంటే మట్టి కాదోయ్, దేశమంటే మనుషులోయ్" అన్న చోట "ఓయ్" తీసేసి చదవండి. ఒక నిర్వచనం మాత్రం మిగులుతుంది. "ఓయ్" మళ్లీ పెడితే భుజం మీద చెయ్యేసి మాట్లాడే మనిషి కనిపిస్తాడు. అర్థం మారలేదు, స్వరం మారింది.

ఇంకో జాగ్రత్త: కవితలో మాట్లాడే మనిషీ, రాసిన కవీ ఒకరే కానక్కర్లేదు. దేశం ఎన్నడూ దాటని కవి కూడా వలసపోయినవాడి గొంతుతో రాయవచ్చు.

3. పదచిత్రాలను ఏరి, జ్ఞానేంద్రియాల వారీగా విడదీయండి

కంటికి, చెవికి, ముక్కుకి, నాలుకకి, చర్మానికి తగిలే మాటలే పదచిత్రాలు. అవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. మన కవితలో ఎండిన ఏరు, కొళాయి నీళ్లు, దోసిలి, పటం, తాళంచెవి, తలుపు ఉన్నాయి.

ఇప్పుడు ఏవి లేవో కూడా చూడండి. రంగు లేదు, పాట లేదు, వాసన లేదు. దోసిలి పట్టడం, తాళంచెవిని తుడవడం... ఉన్నవాటిలో ముఖ్యమైనవన్నీ చేతికి సంబంధించినవే. ఈ మనిషికి దేశం కంటి ముందు లేదు, చేతులకు మాత్రం గుర్తుంది. "వాటంతటవే" అన్న మాట అందుకే పడింది. తను మరిచిపోయినా చేతులు మరిచిపోలేదు.

4. ఆ చిత్రం ఏం సూచిస్తోంది?

తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఉన్న కావ్యశాస్త్ర పండితుడు ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ ధ్వని అన్నాడు. ధ్వని అంటే మాట పైకి చెప్పకుండా స్ఫురింపజేసే అర్థం. దీన్ని వివరించడానికి మన ఆలంకారికులు, అంటే ఇలాంటి కావ్యశాస్త్ర పండితులు, "గంగలో గొల్లపల్లె ఉంది" అనే వాక్యాన్ని ఉదాహరణగా చూపిస్తారు. నదిలో పల్లె ఉండదు కాబట్టి గట్టున ఉందని అర్థం చేసుకుంటాం. మరి "గట్టున" అనకుండా "గంగలో" అని ఎందుకన్నట్టు? ఆ పల్లె చల్లదనం, పవిత్రత మనకు తట్టాలని.

ప్రతి పదచిత్రాన్నీ ఈ మూడు మెట్ల మీద నడిపించండి: మాట ఏమంటోంది, దాని వెనక అర్థం ఏమిటి, ఇలాగే ఎందుకు చెప్పారు? "దోసిలి" తీసుకుందాం. కొళాయి కింద గ్లాసు పెడితే సరిపోతుంది. దోసిలి ఏటి ఒడ్డున నీళ్లు తాగే అలవాటు. దోసిలి పట్టేది అడగడానికి, మొక్కడానికి కూడా. ఎండిపోయిన ఏటికి ఒక మొక్కు లాంటిది ఆ ఒక్క మాటలో చేరింది.

"పటం" కూడా అంతే. అది దేశపటం. గోడకు తగిలించే ఫొటోనీ పటమే అంటాం. ఇంటిల్లిపాదీ ఉన్న ఫొటోలో తను లేనట్టు అనిపిస్తుంది. ఇలా రెండర్థాలు మోసే మాట దొరికితే తొందరపడి ఒకదాన్ని వదిలేయకండి. కానీ లేని అర్థాన్ని లాక్కొచ్చి పెట్టకూడదు. ఆ అర్థానికి కవితలో ఇంకో చోట సాయం దొరకాలి. ఇక్కడ తాళంచెవి, తలుపు రెండూ దేశాన్ని ఇల్లుగా చేశాయి, కాబట్టి కుటుంబం ఫొటో అన్న ఊహకు ఆధారం ఉంది.

5. చిన్న మాటల్ని వదలకండి

"ఎండిపోయింది" అంటే కళ్లారా చూసిన సంగతి. "ఎండిపోయిందట" అంటే ఎవరో చెప్పగా విన్నది. ఆ ఒక్క "ట"లో దూరమంతా ఉంది. "మాత్రం", "ఇప్పటికీ", "అయినా" కూడా ఇలాంటివే. ఈ మూడూ కొట్టేసి చదివితే సమాచారం ఏమీ తగ్గదు, కానీ పట్టుదల పోతుంది.

దేశానికి ఏ పేరు వాడారో కూడా గమనించండి. మాతృభూమి, జన్మభూమి అంటే సభలో నిలబడి మాట్లాడినట్టుంటుంది. గడ్డ అంటే పౌరుషం వస్తుంది. నేల, మట్టి అంటే కాళ్లకు అంటుకుంటుంది.

6. మలుపు ఎక్కడుందో చూసి, స్వరానికి పేరు పెట్టండి

స్వరం మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉండటం అరుదు. ఇక్కడ మొదటి భాగంలో దిగమింగిన బాధ ఉంది. "నీ పటంలో నేనెక్కడా లేను" దగ్గర నిష్ఠూరం తొంగిచూసింది. "అయినా" దగ్గర మళ్లీ మెత్తబడింది. ఒక్క మాటలో "బాధ" అని తేల్చకుండా రెండు మాటలు కలపండి: దిగమింగిన బెంగ, నిష్ఠూరంతో కూడిన ప్రేమ.

జవాబు రాసేటప్పుడు మాటనీ మీ అభిప్రాయాన్నీ ఒకే వాక్యంలో కలపండి. ఉదాహరణకు: "తలుపు లేదని తెలిసీ తాళంచెవిని తుడిచి పెట్టుకోవడం వల్ల, తిరిగి వెళ్లే ఆశ పోయినా బంధం తెగలేదని తెలుస్తోంది." రాసిన తేదీ, అప్పటి పరిస్థితులు తెలిస్తే ఆ తర్వాత చేర్చండి. ముందే చేరిస్తే చరిత్ర రాస్తాం, కవిత పక్కన పడిపోతుంది.

ఇదే కవిత చదివి ఇంకొకరు "ఇది కోపం" అనవచ్చు. పటంలో లేకపోవడం, "నీ" అని వేలు చూపించడం వాళ్ల ఆధారాలు. అవి కొట్టిపారేసేవి కావు. అప్పుడు ఇద్దరూ కలిసి చివరి క్రియాపదం దగ్గరికి వెళ్లండి. కోపం వచ్చినవాడు ఆ తాళంచెవిని విసిరేస్తాడు, కనీసం మూల పడేస్తాడు. ఈ మనిషి తుడుస్తున్నాడు, అదీ ప్రతి రాత్రీ.